బాత్రూంలో పుట్టిన ఎకో.. ల్యాప్‌టాప్‌లో బతుకుతున్న 1176.. ఎవరీ బిల్ పుట్నం?

ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఫోన్‌లో ఏదైనా కొత్త పాట వినండి. సింగర్ గుసగుసగా పాడినా, గొంతెత్తి పాడినా ఒక్క మాట కూడా మిస్ కాదు. అలాగని చెవులూ అదిరిపోవు. ఈ పని చేసిపెట్టేదే కంప్రెసర్. మిక్సింగ్ చేసేవాళ్లు ల్యాప్‌టాప్‌లో ఓపెన్ చేసే కంప్రెసర్ ప్లగిన్లలో బాగా ఫేమస్ అయినది ‘1176’. రెండు పెద్ద నాబ్‌లు, నిలువుగా నాలుగు బటన్లు, ముల్లు ఊగే మీటర్.. స్క్రీన్ మీద కనిపించే ఆ బొమ్మ 1967లో అమెరికాలో వచ్చిన ఓ మెషీన్‌కి అచ్చు కాపీ. దాన్ని డిజైన్ చేసిన మనిషి పేరు బిల్ పుట్నం. ప్లగిన్ రోజూ వాడేవాళ్లలోనూ ఈ పేరు తెలిసింది తక్కువ మందికే.

1920లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని డాన్‌విల్‌లో పుట్టారు. చిన్నప్పటి నుంచీ రేడియో పిచ్చి. 1946లో చికాగో పక్కనే ఉన్న ఎవాన్‌స్టన్‌లో ‘యూనివర్సల్ రికార్డింగ్’ అనే స్టూడియో పెట్టి, తర్వాత దాన్ని చికాగోకి మార్చారు.

మరుసటి ఏడాదే ఆయన పేరు మార్మోగింది. హార్మోనికాట్స్ అనే మౌతార్గాన్ బృందం ‘పెగ్ ఓ మై హార్ట్’ ట్యూన్ రికార్డ్ చేయడానికి వచ్చింది. సౌండ్ పొడిగా ఉంటే పుట్నంకి నచ్చలేదు. ఏం చేశారో తెలుసా? బాత్రూంలో ఒక స్పీకర్, ఒక మైక్ పెట్టారు! టైల్స్‌కి తగిలి తిరిగొచ్చిన శబ్దాన్ని అసలు రికార్డింగ్‌లో కలిపేశారు. ఆ రికార్డు 1947లో అమెరికాలో నంబర్ వన్ అయింది. పాప్ రికార్డుల్లో కావాలని ఎకో కలపడం అక్కడి నుంచే మొదలైందని చెబుతుంటారు. అప్పటిదాకా సౌండ్ ఇంజినీర్ అంటే వచ్చిన శబ్దాన్ని ఉన్నదున్నట్టు పట్టుకునే టెక్నీషియన్ మాత్రమే. ఆ లెక్క మారిపోయింది.

1957లో హాలీవుడ్‌కి మకాం మార్చారు. వెనక ఫ్రాంక్ సినాత్రా లాంటి స్టార్ల అండ ఉంది. సన్‌సెట్ బులవార్డ్‌లో యునైటెడ్, ఆ పక్కనే వెస్టర్న్.. రెండు స్టూడియోలు నడిపారు. బీచ్ బాయ్స్ ‘పెట్ సౌండ్స్’ ఆల్బమ్‌లో చాలా భాగం వెస్టర్న్‌లోనే తయారైంది.

అసలు మగాడనిపించిన పని మాత్రం స్టీరియో విషయంలో చేశారు. అప్పటికి రికార్డు కంపెనీలకి మోనో చాలు. స్టీరియో మీద డబ్బు పెట్టేవాళ్లు లేరు. పుట్నం మాత్రం మోనోతో పాటే స్టీరియో టేపుని కూడా సొంత ఖర్చుతో రికార్డ్ చేయించి లోపల దాచిపెట్టారు. కొన్నేళ్లకి జనం స్టీరియో అడగడం మొదలుపెట్టారు. కంపెనీలు పరుగెత్తుకుంటూ వచ్చి, అప్పుడు వాడిన స్టూడియో టైమ్‌కి డబ్బు కట్టి మరీ ఆ టేపులు తీసుకెళ్లాయి. అప్పట్లో రిస్క్ తప్పితే ఏమై ఉండేదో కానీ..

సరే, 1176 దగ్గరికి వద్దాం. తన స్టూడియోలకి కావాల్సిన సామాను ఆయనే తయారు చేసుకునేవారు. అలా పుట్టిన కంపెనీయే యూనివర్సల్ ఆడియో. అంతకుముందు ఆయన చేసిన 175, 176 మోడళ్లు వాక్యూమ్ ట్యూబులతో పనిచేసేవి. 1967లో ట్యూబులు తీసేసి ట్రాన్సిస్టర్లు పెట్టారు. సౌండ్‌ని తగ్గించే పనిని ఎఫ్ఈటీ అనే ఒక రకం ట్రాన్సిస్టర్‌కి అప్పగించారు. దాంతో వచ్చిన స్పీడ్ మామూలుది కాదు. ఒక్కసారిగా పెద్ద శబ్దం వస్తే 20 మైక్రోసెకన్లలో పట్టేసుకుంటుంది. అంటే సెకనుని పది లక్షల ముక్కలు చేస్తే అందులో 20 ముక్కలు! ఫేడర్ మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్న ఏ ఇంజినీర్‌కీ ఇది సాధ్యం కాదు.

4, 8, 12, 20 అని నాలుగు బటన్లు ఉంటాయి. శబ్దాన్ని ఎంత గట్టిగా అదమాలో వాటితో చెప్పాలి. ఒకసారికి ఒకటే నొక్కాలి. కానీ ఇంజినీర్లు ఊరుకుంటారా? నాలుగూ కలిపి నొక్కేశారు. సౌండ్ పగిలినట్టు, రఫ్‌గా వచ్చింది. డ్రమ్స్‌కి అదే కావాలన్నారు. ఇప్పుడు ప్లగిన్లలోనూ ఆ ఆప్షన్ ఉంటుంది.

1980లలో కంపెనీ చేతులు మారింది. హార్మన్ కొనుక్కుంది. 1989 ఏప్రిల్‌లో, 69 ఏళ్ల వయసులో పుట్నం చనిపోయారు. అప్పటికి రికార్డింగ్ కంప్యూటర్ వైపు కదులుతోంది. ఆయన కట్టిన కంపెనీ ఆయన చేతిలో లేదు. కథ అక్కడితో ముగియాల్సిందే. కానీ పదేళ్లకి, 1999లో, కొడుకులు బిల్ జూనియర్, జేమ్స్ కలిసి యూనివర్సల్ ఆడియోని మళ్లీ నిలబెట్టారు. తండ్రి మెషీన్‌ని పాత పద్ధతిలోనే మళ్లీ తయారు చేయించారు. దాని సర్క్యూట్ ఎలా ప్రవర్తిస్తుందో లెక్కగట్టి ప్లగిన్‌గానూ తెచ్చారు. 2000లో గ్రామీ సంస్థ బిల్ పుట్నంకి టెక్నికల్ అవార్డు ప్రకటించింది. తీసుకోవడానికి ఆయన లేరు.

ఇప్పుడు ఇతర కంపెనీలు కూడా 1176 నమూనాలో ప్లగిన్లు అమ్ముతున్నాయి. బెడ్‌రూమ్‌లో కవర్ సాంగ్ మిక్స్ చేసే కుర్రాళ్ల చేతిలోనూ ఉంది. కొత్తగా వాడేవాళ్లకి ఒక్క మాట: ఇందులో అటాక్, రిలీజ్ నాబ్‌లు రివర్స్‌లో ఉంటాయి. 1 మీద పెడితే నెమ్మది, 7 మీద పెడితే ఫాస్ట్. ఇది తెలియక నేను ఓ వీడియోకి వాయిస్ ఓవర్ మొత్తం పాడుచేసుకున్నా. పుట్నం మెషీన్‌లో అలాగే ఉండేది, ప్లగిన్‌లోనూ అలాగే ఉంచారు.