ఆరు మూలల లెక్క: ఆల్‌ఫ్రెడ్ వెర్నర్ కథ

ఇంటర్ సెకండియర్ కెమిస్ట్రీలో కోఆర్డినేషన్ కాంపౌండ్స్ అనగానే మనలో చాలామందికి ఇప్పటికీ భయమే. ప్రైమరీ వేలన్సీ, సెకండరీ వేలన్సీ అని బట్టీ పట్టాం, ఎంసెట్ రాశాం, మర్చిపోయాం. ఆ సిద్ధాంతం వెనకున్న వెర్నర్ ఎవరో మనం అడగలేదు. కానీ క్యాన్సర్ చికిత్సలో లోహాల పాత్ర గురించి చదవడం మొదలుపెడితే దారి చివరికి ఆయన దగ్గరికే వెళ్తుంది. అందుకే ఈసారి ఆయన కథ.

వెర్నర్ 1866 డిసెంబర్ 12న అల్సాస్ ప్రాంతంలోని ముల్యూజ్‌లో పుట్టారు. అప్పుడది ఫ్రాన్స్. 1871లో యుద్ధం ముగిశాక జర్మనీ చేతికి వెళ్లింది. దాంతో ఆయనకి ఇంట్లో ఫ్రెంచ్, బడిలో జర్మన్. తర్వాత స్విట్జర్లాండ్ వెళ్లి జ్యూరిక్ పాలిటెక్నిక్‌లో చేరారు. కొన్నేళ్ల తర్వాత ఐన్‌స్టీన్ చదివింది కూడా అక్కడే. తమాషా ఏంటంటే, అక్కడ వెర్నర్‌కి లెక్కల్లోనూ, డిస్క్రిప్టివ్ జామెట్రీలోనూ మంచి మార్కులు రాలేదు. మన ఫస్టియర్ ఇంజనీరింగ్ డ్రాయింగ్‌కి అది అన్నలాంటి సబ్జెక్ట్. కానీ అణువులు త్రీడీలో ఎలా కూర్చుంటాయో ఊహించడంలో ఆయనకి సాటి వచ్చినవాళ్లు తక్కువ.

అప్పట్లో కెమిస్టుల్ని ఒక చిక్కుముడి వేధిస్తోంది. కోబాల్ట్ క్లోరైడ్‌కి అమోనియా కలిపితే రంగురంగుల లవణాలు వస్తాయి. ఆరు అమోనియాలున్నదానికి సిల్వర్ నైట్రేట్ వేస్తే మూడు క్లోరిన్లూ అవక్షేపంగా దిగుతాయి. ఐదున్నదాంట్లో రెండే దిగుతాయి, నాలుగున్నదాంట్లో ఒక్కటే. మిగతావి ఎక్కడ దాక్కున్నట్టు? కోపెన్‌హాగెన్‌లో యోర్గెన్‌సెన్ అనే ప్రొఫెసర్, అమోనియాలు గొలుసుకట్టుగా ఉంటాయని చెప్పేవారు. అప్పటికి అందరూ నమ్మిన మాట అదే.

1892లో ఒక రాత్రి రెండు గంటలకి వెర్నర్‌కి జవాబు తట్టి మెలకువ వచ్చిందనీ, లేచి కూర్చుని మర్నాడు సాయంత్రం ఐదు దాకా రాస్తూనే ఉన్నారనీ చెప్తారు. ఆ జవాబు ఇది: లోహం మధ్యలో ఉంటుంది, దాని చుట్టూ ఆరు చోట్లు ఉంటాయి, ఆక్టాహెడ్రన్‌కి ఉండే ఆరు మూలల్లాగా. ఆ చోట్లలో కూర్చున్న క్లోరిన్ గట్టిగా అంటుకుని ఉంటుంది, బయట ఉన్నది నీళ్లలో విడిపోతుంది. 1893లో ఈ వ్యాసం అచ్చయింది. అదే ఏడాది, ఇరవై ఆరేళ్లకే, జ్యూరిక్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ ఉద్యోగం వచ్చింది.

అయితే సొంత ప్రయోగాలు దాదాపు ఏమీ లేవు. ఎక్కువగా వాడుకున్నది యోర్గెన్‌సెన్ ఏళ్ల తరబడి ఓపిగ్గా చేసిన ప్రయోగాల ఫలితాలే. ఆయన డేటాతో ఆయన సిద్ధాంతాన్నే కాదనడమన్నమాట! యోర్గెన్‌సెన్ ఒప్పుకోలేదు. వెర్నర్ దగ్గరున్న ఆయుధం కౌంటింగ్. నాలుగు అమోనియాలు, రెండు క్లోరిన్లు ఆరు మూలల్లో పెడితే సరిగ్గా రెండు రూపాలే రావాలి: క్లోరిన్లు పక్కపక్కన ఉన్నది ఒకటి, ఎదురెదురుగా ఉన్నది ఇంకొకటి. మనం పర్మ్యుటేషన్స్‌లో చేసే లెక్కే. కానీ అప్పటికి ఆకుపచ్చది ఒక్కటే తెలుసు. రెండోది చూపించమని ప్రత్యర్థి అడిగారు. దొరకడానికి పద్నాలుగేళ్లు పట్టింది. 1907లో వెర్నర్ ఆ ఊదారంగు లవణాన్ని తయారు చేశారు. యోర్గెన్‌సెన్ పట్టుదలకి పోకుండా ఓటమి ఒప్పుకున్నారు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ గొప్పో చెప్పడం కష్టం!

ఆ ఏళ్లలో వెర్నర్ విద్యార్థులు పనిచేసిన ల్యాబ్ నేలమాళిగలో, చీకట్లో ఉండేది. పిల్లలు దాన్ని కాటకూంబ్స్, అంటే సమాధుల సొరంగాలు, అని పిలిచేవారు. 1913లో వెర్నర్‌కి నోబెల్ వచ్చింది. కెమిస్ట్రీలో స్విట్జర్లాండ్‌కి అదే మొదటిది. ఆ ఆనందం ఎక్కువ కాలం నిలవలేదు. రక్తనాళాలు గట్టిపడే జబ్బు మెదడునీ దెబ్బతీసింది. 1919 నవంబర్ 15న, యాభై మూడు నిండకుండానే పోయారు. లోహపు లవణాల ఆకారం తెలిసి ఎవరికేం లాభం అని అప్పుడు ఎవరైనా అడిగి ఉంటే, గట్టి జవాబు ఉండేది కాదు.

జవాబు చాలా ఆలస్యంగా వచ్చింది. ఒక ప్లాటినం, రెండు అమోనియాలు, రెండు క్లోరిన్లు ఉన్న లవణాన్ని 1840ల్లోనే పెయ్‌రోన్ అనే ఇటలీ శాస్త్రవేత్త తయారు చేశారు. అదే ఫార్ములాతో ఇంకో లవణం కూడా ఉంది. రెండు రకాలు ఉన్నాయంటే ఆకారం టెట్రాహెడ్రన్ కాదు, చదునైన చతురస్రమే అని వెర్నర్ 1893లోనే తేల్చారు. పెయ్‌రోన్ లవణంలో క్లోరిన్లు పక్కపక్కన, రెండోదాంట్లో ఎదురెదురుగా. 1965లో అమెరికాలో రోజెన్‌బర్గ్ బృందం బ్యాక్టీరియాకి కరెంటు పెట్టి చూస్తుంటే అవి విభజన ఆపేశాయి. కారణం కరెంటు కాదు, ఎలక్ట్రోడ్ నుంచి కరిగిన ప్లాటినం. అలా వెతుక్కుంటూ వెళ్లి చేరింది పెయ్‌రోన్ లవణం దగ్గరికే. దాని పేరే సిస్‌ప్లాటిన్. 1978లో అమెరికాలో మందుగా అనుమతి వచ్చింది. వృషణాల క్యాన్సర్‌లో అది ఎంతోమంది ప్రాణాలు నిలబెట్టింది. పక్కపక్కన ఉన్న క్లోరిన్లు ఊడిపోయాక, ఆ రెండు చోట్లతో ప్లాటినం డీఎన్‌ఏని పట్టుకుంటుంది. ఎదురెదురుగా ఉన్నదానికి అలాంటి పట్టు దొరకదు, అది మందుగా పనికిరాలేదు. అవే అణువులు, కూర్చున్న చోటు మాత్రమే వేరు.

సిస్‌ప్లాటిన్‌కి ఒక పెద్ద లోపం ఉంది. ఒళ్లంతా తిరుగుతుంది, కిడ్నీల్ని దెబ్బతీస్తుంది, వాంతులు తెప్పిస్తుంది. మందుని మోసుకెళ్లే సంచి ఉంటే బాగుండు కదా? ఇక్కడికే ఎంఓఎఫ్‌లు, అంటే మెటల్ ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్క్‌లు, వచ్చాయి. వీటిని ఒక గ్రాఫ్‌లా ఊహించుకోండి: నోడ్ దగ్గర లోహం, ఎడ్జ్‌గా కార్బన్ అణువుల కడ్డీ, మధ్యలో ఖాళీ గదులు. ఆ ముడి వెర్నర్ చెప్పిన ముడే. 2010లో ఫ్రాన్స్ పరిశోధకులు ఇనుముతో చేసిన ఎంఓఎఫ్ గదుల్లో డాక్సోరూబిసిన్ లాంటి క్యాన్సర్ మందుల్ని నింపి చూపించారు. అందులోని ఇనుము ఎంఆర్‌ఐ స్కాన్‌లో కనపడుతుంది కాబట్టి రోగాన్ని చూడటానికీ, మందు ఇవ్వడానికీ ఒకే రేణువు. హాఫ్నియంతో చేసిన మరో రకం, రేడియేషన్ ప్రభావాన్ని పెంచడానికి, మనుషుల మీద తొలి దశ పరీక్షల దాకా వెళ్లింది. చాలావరకు ఇదింకా ల్యాబ్ పనే, రేపే ఆసుపత్రిలో దొరికేది కాదు. 2025లో కెమిస్ట్రీ నోబెల్ ఎంఓఎఫ్‌లకి పునాది వేసిన రాబ్సన్, కితగావా, యాగీలకి వచ్చింది.

వెర్నర్‌కి మందుల ఆలోచన లేదు, క్యాన్సర్ ఆలోచన లేదు. రెండు రూపాలు ఉండాలంటే ఆకారం ఏదై ఉండాలి అన్న ఒక్క ప్రశ్నని ఇరవై ఏళ్లు వదల్లేదు. ఎందుకు పనికొస్తుంది అని మనం అడిగి పక్కన పెట్టేసే చాప్టర్లలో ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో!