మరుగున పడిన మహా స్వరకర్త జెలెంకా

ఆరో చార్లెస్ చక్రవర్తి 1723లో బొహీమియా రాజుగా పట్టాభిషిక్తుడైన వేళ ప్రాగ్ నగరానికి పలు ఆస్థానాల సంగీత విద్వాంసులు తరలివచ్చారు. వారిలో డ్రెస్డెన్ ఆస్థానానికి చెందిన యాన్ డిస్మాస్ జెలెంకా ఒకరు. అప్పటికి ఆయన వయసు 43 ఏళ్లు. ఆ ఉత్సవాల కోసం లాటిన్ భాషలో ఒక సంగీత రూపకాన్ని సమకూర్చిన ఆయన, అదే ఏడాది అక్కడే వాద్యబృందానికి నాలుగు కృతులు రచించారు. ఇవి హడావిడిగా చేసిన రచనలని రాతప్రతిపై తానే నమోదు చేసుకున్నారు. వింటే మాత్రం ఆ తొందర ఎక్కడా కనిపించదు. అందులో ఒకదాని పేరు హిపోకాండ్రి, అంటే మనోవ్యాకులత. పట్టాభిషేక సంవత్సరంలో పుట్టిన కృతికి విచిత్రమైన పేరే!

జెలెంకా 1679లో బొహీమియాలోని లౌనొవిట్సె గ్రామంలో జన్మించారు. తండ్రి ఆ ఊరి చర్చిలో ఆర్గన్ వాద్యకారుడు. జెలెంకా 1710 ప్రాంతంలో డ్రెస్డెన్ చేరి, మంద్రస్థాయి తంత్రీవాద్యమైన వయొలోన్ వాదకునిగా కొలువు పొందారు. అనంతరం వియన్నాలో ఫుక్స్ వద్ద స్వరరచనా శాస్త్రాన్ని అభ్యసించారు. అక్కడ ఉన్నప్పుడే కెప్రిచియోలనే వాద్యకృతులు నాలుగింటిని రచించారు. అప్పటి హార్న్ వాద్యానికి మీటలు లేవు. పెదవుల బిగువుతో, ఊపిరితోనే స్వరం పలికించాలి. అటువంటి వాద్యానికి జెలెంకా రాసిన తారస్థాయి స్వరాలు నేటి నిపుణులకూ పరీక్షగానే నిలుస్తున్నాయి.

ఆస్థాన సంగీత నిర్దేశకుడు హైనిషెన్ అస్వస్థులైన కాలంలోనూ, 1729లో ఆయన మరణించాకా చర్చి సంగీత బాధ్యతలను ఎక్కువగా జెలెంకాయే మోశారు. ఆ పదవి తనకు ఇవ్వాలని 1733లో కొత్త ప్రభువుకు విన్నవించుకున్నారు. ఇటాలియన్ ఒపేరాలతో పేరు గడించిన యువకుడు హాస్సెకు ఆ గౌరవం దక్కింది. జెలెంకాకు చర్చి స్వరకర్త అనే బిరుదు మాత్రమే మిగిలింది. లైప్‌జిగ్‌లో ఉన్న యోహాన్ సెబాస్టియన్ బాఖ్ మాత్రం ఆయన విద్వత్తును ఎంతగానో గౌరవించేవారు.

జెలెంకా 1745 డిసెంబరు 23న డ్రెస్డెన్‌లో కన్నుమూశారు. ఆయన రాతప్రతులు రాజకుటుంబం చేతికి వెళ్లి, అరుదైన సొత్తుగా తాళాల మధ్య ఉండిపోయాయి. ప్రతులు బయటకు రాకపోతే వాయించేదెవరు? భద్రపరచిన చేతులే ఆయనను మరుగుపరిచాయనడం అతిశయోక్తి కాదు.

19వ శతాబ్దంలో చెక్ స్వరకర్త స్మెతనా దృష్టి ఈ రచనలపై పడినా, నిజమైన పునరుజ్జీవనం మరో వందేళ్లకు గానీ రాలేదు. 1970వ దశకంలో ఓబో విద్వాంసుడు హైన్జ్ హోలిగర్ ట్రయో సొనాటాలను రికార్డు చేశారు. ఆ దశకంలోనే వాద్యబృంద కృతులను బెర్న్ నగర కళాకారులు రికార్డు చేయడంతో సంగీత ప్రపంచం విస్తుపోయింది. 1985లో వోల్ఫ్‌గాంగ్ రైఖ్ రూపొందించిన సూచికతో రచనలన్నీ ఒక క్రమంలోకి వచ్చాయి. జెలెంకా రూపాన్ని తెలిపే ప్రామాణిక చిత్రపటం మాత్రం ఇప్పటికీ ఒక్కటీ లభించలేదు.