యూదుల వద్ద నేర్చిన వేదపండితుడు – భక్తుడైన జెరోము



మన అమృతలూరుకు ఎంతో దూరం కాని చేబ్రోలు ప్రాంతంలో, కొత్తరెడ్డిపాలెంలో, యూదాచారములు పాటించే తెలుగు కుటుంబాలున్నాయి. బెనె ఎఫ్రాయీము అని పిలువబడే వీరు ఒకప్పుడు క్రైస్తవ సంఘాలలోనివారే. 20వ శతాబ్దం చివరి దశాబ్దాలలో తమకొక సమాజమందిరం ఏర్పరచుకొన్నారు. ధర్మశాస్త్రము, ప్రవక్తల గ్రంథములు వారికీ మనకూ ఒకటే. చెప్పుకొనే అర్థములు వేరు. ఈ భేదంతో జీవితమంతా పెనుగులాడిన భక్తుడు జెరోము.

ఆయన సుమారు క్రీ.శ. 347లో స్ట్రిడోను అనే ఊరిలో జన్మించారు. రోములో విద్యనభ్యసించి, అక్కడే బాప్తిస్మం పొందారు. సిరియా ఎడారిలో తపోజీవితం గడుపుతూ, క్రైస్తవుడైన ఒక యూదుని వద్ద హెబ్రీ అక్షరాలు దిద్దారు. 382లో రోము బిషప్పు దమాసు ఆయనకు లాటిను సువార్తలను సరిచేసే పని అప్పగించారు. దమాసు 384లో మరణించగా, జెరోము రోము విడిచి, 386లో బేత్లెహేములో స్థిరపడ్డారు. పౌల అనే ధనిక విధవరాలు తన ఆస్తి వెచ్చించి అక్కడ మఠములు కట్టించారు.

అప్పటి లాటిను పాత నిబంధన గ్రీకు నుండి వచ్చినది. మూలమైన హెబ్రీ నుండే తర్జుమా చేయాలని జెరోము పట్టుదల. బరనీన అనే యూదుడు తనవారికి భయపడి, నీకొదేమువలె రాత్రివేళ వచ్చి పాఠం చెప్పేవాడు. సుమారు 390 నుండి 405 వరకు ఆ తర్జుమా సాగింది.

యెషయా 7వ అధ్యాయంలో మనం కన్యక అని చదివే చోట హెబ్రీలో ఆల్మా అని ఉంది. దానికి యౌవనస్త్రీ అనే అర్థమని యూదులు వాదించారు. జెరోము వారి వాదాన్ని దాచలేదు. హెబ్రీలోనే జవాబు వెదకి, కన్యక అనే అర్థాన్నే సమర్థించారు.

యోనా నీడనిచ్చిన చెట్టు మన బైబిలులో సొరచెట్టు. పాత లాటినులోనూ సొరయే. జెరోము ఐవీ అనే తీగ పేరు వ్రాశారు. నేటి లిబియాలోని త్రిపోలి సంఘంలో ఆ మాట చదివేసరికి గందరగోళం లేచిందనీ, అక్కడి బిషప్పు యూదులనే అడగవలసి వచ్చిందనీ 403లో అగస్టీను ఆయనకు వ్రాశారు. విచిత్రమేమంటే, జెరోము తన వ్యాఖ్యానంలో వర్ణించిన మొక్క మన ఆముదపు చెట్టును పోలి ఉంది: ఇసుక నేలలో త్వరగా పెరిగి, వెడల్పాటి ఆకులతో తన కాండముపైనే నిలుస్తుంది.

ఆదికాండములో మన విశాలము అనే మాటకు హెబ్రీలో రాకియ; రేకులా సాగగొట్టిన దానిని తలపించే మాట. గ్రీకువారు గట్టిదనే అర్థమిచ్చే మాట వాడారు. జెరోము కూడా అదే అర్థాన్ని నిలిపారు. ఆకాశం గట్టి గోళమనే నాటి శాస్త్రాన్ని తరువాతివారు ఆ మాటలో చదువుకొన్నారు. ఆ శాస్త్రం పోయింది, వాక్యం నిలిచింది. నేడు కొందరు విశాలము అనే మాటలో విశ్వం వ్యాకోచిస్తున్నదనే సిద్ధాంతాన్ని చూపుతున్నారు. రేపు శాస్త్రం మారితే వాక్యం తప్పిందందామా? లేఖనములలో కొన్ని సంగతులు ఆనాటి ప్రజల అభిప్రాయం ప్రకారం చెప్పబడినవని జెరోము యిర్మీయా వ్యాఖ్యానంలో హెచ్చరించారు. 1615లో గెలీలియో తన వాదానికి ఆ మాటనే ఆధారం చేసుకొన్నాడు.

జెరోములో లోపములు లేకపోలేదు. నాలుక వాడి. ఎవరి వద్ద విద్య నేర్చారో ఆ యూదులనే తన రచనలలో కఠినంగా దూషించారు. అది మనం అనుసరింపదగినది కాదు. సుమారు 420లో బేత్లెహేములోనే కన్నుమూశారు.

ఈ శతాబ్ది సంవత్సరంలో ఆయన శ్రమను నేర్చుకొందాం, ఆయన కోపాన్ని విడిచిపెడదాం. పొరుగువాని అర్థాన్ని పూర్తిగా విని, ఆ తరువాతనే మన విశ్వాసాన్ని సాక్ష్యమిద్దాం.