నీడ లేనివారికి ఊరు కట్టిన డాక్టరమ్మ

ఒంటి మీద ఒక మచ్చ. గిల్లినా తెలియని మచ్చ. ఇరుగుపొరుగు చూశారు, గుసగుసలాడారు. ఆ రాత్రికి పక్క వేరైంది, కంచం వేరైంది. కొన్నాళ్లకు ఊరి బయట గుడిసె. అదీ దక్కకపోతే చెట్టు కింద, సత్రం అరుగు మీద, గుడి మెట్ల దగ్గర. వందేళ్ల కిందట కుష్ఠు సోకిన మనిషి బతుకు చాలా చోట్ల ఇలాగే తెల్లారేది. జనం దాని పేరు కూడా ఎత్తేవారు కాదు, పెద్దరోగం అనేవారు. రోగం వచ్చింది ఆడమనిషికైతే ఇక చెప్పక్కర్లేదు. అత్తింటి తలుపుతో పాటు పుట్టింటి తలుపూ మూసుకునేది.

అలా తలుపులన్నీ మూసుకుపోయిన వారి కోసం, ఎక్కడో స్కాట్లండులో పుట్టిన ఒక స్త్రీ మన డిచ్‌పల్లిలో ఏకంగా ఒక ఊరే వెలిసేలా చేసింది. ఆమె డాక్టర్ ఇసబెల్ కెర్. లింగంపేటలో బస్సెక్కి కామారెడ్డిలో దిగి, నిజామాబాద్ దారి పడితే మధ్యలో వచ్చే ఊరే డిచ్‌పల్లి. అక్కడి రామాలయం గురించి చాలామందికి తెలుసు. ఈ డాక్టరమ్మ కథ మాత్రం మన ఆడపిల్లల్లో ఎందరికి తెలుసు?

రైతుబిడ్డ చేతికి స్టెతస్కోపు

ఇసబెల్ 1875లో ఉత్తర స్కాట్లండులో ఒక రైతు ఇంట పుట్టింది. పుట్టింటి పేరు గన్. ఆమె పుట్టేనాటికి ఆ దేశంలోనూ ఆడవాళ్లు డాక్టర్లు కావడానికి దారి సరిగా లేదు. ఆడవాళ్లకు వైద్య పట్టాలు ఇవ్వవచ్చని బ్రిటన్‌లో చట్టం వచ్చింది 1876లో. స్కాట్లండు విశ్వవిద్యాలయాలు ఆడపిల్లలకు డిగ్రీ చదువుల తలుపు తెరిచింది 1892లో. ఆ తలుపు తెరుచుకున్న తొలి రోజుల్లోనే లోపలికి అడుగుపెట్టిన ఆడపిల్లల్లో ఇసబెల్ ఒకరు. 1903లో అబర్డీన్ విశ్వవిద్యాలయం నుంచి వైద్య పట్టా అందుకుంది.

ఆమెను పెళ్లాడిన జార్జి కెర్ మత బోధకుడు. 1907లో ఇద్దరూ వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున హైదరాబాద్ రాజ్యానికి వచ్చారు. భాష కొత్త, ఎండ కొత్త, మనుషులు కొత్త. పరదాల చాటున ఉండే ఆడవాళ్లు మగ డాక్టరుకు నాడి కూడా చూపించని కాలమది. అందువల్ల లేడీ డాక్టరు అంటే ఎక్కడైనా పెద్ద అండ. ఆమె పురుళ్లు పోసుకుంటూ, పిల్లల జ్వరాలు చూసుకుంటూ ఉండిపోయినా ఎవరూ తప్పు పట్టేవారు కాదు.

కానీ ఆమె చూపు వేరే వాళ్ల మీద నిలిచింది. దేవుడు పెట్టిన శాపమనీ, పూర్వజన్మ పాపమనీ అందరూ వదిలేసిన వారి మీద. 1911 నాటికి ఈ దంపతులు నిజామాబాద్‌లో కుష్ఠురోగుల పని మొదలుపెట్టారు. వచ్చేవారు ఎక్కువ, ఉన్న చోటు తక్కువ. మందు రాసి పంపిస్తే వాళ్లు వెళ్లేదెక్కడికి? ఈ రోగానికి మందు ఎంత ముఖ్యమో తల దాచుకునే నీడ కూడా అంతే ముఖ్యం.

చెయ్యి వేసిన దాత

అప్పుడు ముందుకు వచ్చారు రాజా నర్సాగౌడ్. ఆయన హిందువు. ఈ దంపతులేమో క్రైస్తవాన్ని ప్రచారం చేయడానికి వచ్చినవారు, ఆ సంగతి వాళ్లెప్పుడూ దాచుకోలేదు. అయినా రోడ్డున పడ్డ రోగి దగ్గర ఇద్దరి మనసూ ఒకటైంది. ఆయన ఇచ్చిన విరాళం అండగా 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి లేచింది. ఇసబెల్ వైద్యం చూసుకుంటే, జార్జి మిగతా వ్యవహారం భుజాన వేసుకున్నారు. ఏటేటా కట్టడాలు పెరిగాయి, రోగులు పెరిగారు. చుట్టుపక్కల రాజ్యాల డాక్టర్లకు సైతం డిచ్‌పల్లి పేరు తెలిసింది.

అవే రోజుల్లో పక్కనున్న మెదక్‌లో ఛార్లెస్ వాకర్ పోస్నెట్ కరువులో అల్లాడే జనానికి కూలి చూపించి పెద్ద చర్చి కట్టిస్తున్నారు. అది 1924లో పూర్తయింది. దాన్ని చూడటానికి ఈనాటికీ జనం బారులు తీరతారు. డిచ్‌పల్లి కట్టడాలకు అంత అందమూ లేదు, అంత పేరూ లేదు. కానీ వాటిలోకి అడుగుపెట్టిన మనిషికి అంతకుముందు వానకు తడవని చోటే లేదు మరి!

బ్రిటిష్ ఇండియాలో 1898లో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం దిక్కులేక తిరిగే కుష్ఠురోగిని పోలీసులు వారెంటు లేకుండానే పట్టుకోవచ్చు. రోగిని కంటికి కనపడకుండా చేయాలన్నదే దాని ఆలోచన. ఇసబెల్ దారి వేరు. రోగిని దాచిపెట్టడం కాదు, నయం చేయాలన్నది ఆమె పట్టుదల.

అడవి బాదం నూనె

పట్టుదల సరే, మందేదీ? కుష్ఠుకు కారణమైన సూక్ష్మజీవిని నార్వే డాక్టరు హాన్సెన్ 1873లోనే కనిపెట్టారు. కానీ దాన్ని చంపే మందు ఎవరి దగ్గరా లేదు. మన దేశంలో ఎప్పటినుంచో వాడుకలో ఉన్నది చాల్మూగ్రా నూనె. అదే జాతి చెట్టును మనం అడవి బాదం అంటాం. ఆ నూనె తాగితే కడుపులో తిప్పి వాంతులయ్యేవి. కలకత్తాలో సర్ లియొనార్డ్ రోజర్స్, తరువాత డాక్టర్ ఎర్నెస్ట్ మ్యూర్ దాన్ని సూది మందుగా ఇచ్చే పద్ధతిని మెరుగుపరిచారు. 1920 తరువాతి ఏళ్లలో ఇసబెల్ ఆ వైద్యాన్ని డిచ్‌పల్లిలో చేపట్టింది. తాను చేయడమే కాదు, ఇతర డాక్టర్లకూ నేర్పింది.

అది తేలిక వైద్యం కాదు. సూది నొప్పి, నెలల తరబడి ఓపిక. మంచి తిండి, ఒంటికి పని కూడా అందులో భాగమే. ముదిరిన రోగికి అంతగా పనిచేసేది కాదు, తొలి రోజుల్లో వచ్చినవారికి గుణం కనిపించేది. అయితేనేం, నయమవుతుందన్న మాట పుట్టడమే పెద్ద మార్పు. చావు కోసం ఎదురుచూసే చోటు, ఇంటికి తిరిగి వెళ్లే రోజు కోసం ఎదురుచూసే చోటుగా మారింది.

1923లో ఈ దంపతులకు కైజర్-ఇ-హింద్ పతకం వచ్చింది. 1932లో ఇసబెల్ కన్నుమూసింది. భారతదేశంలో అడుగుపెట్టి అప్పటికి పాతికేళ్లు. తరువాత కూడా ఆసుపత్రి ఆగలేదు. అక్కడ పనిచేసిన డాక్టర్ జాన్ లోవే ఆ తరువాత నైజీరియా వెళ్లి, డాప్సోన్ మాత్రతో కుష్ఠును లొంగదీయవచ్చని తేల్చిన వారిలో ఒకరయ్యారు. డిచ్‌పల్లిలో పట్టుబడిన పని అలా ఖండాలు దాటింది.

ఇల్లు ఇంకా దూరమేనా?

ఇసబెల్ కలలో కూడా ఊహించని మందు ఇప్పుడు మనకుంది. 1980 తరువాతి ఏళ్లలో బహుళ ఔషధ చికిత్స వచ్చింది. రోగాన్ని బట్టి ఆరు నెలలో, ఏడాదో వాడాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పైసా ఖర్చు లేదు. మందు మొదలుపెట్టాక కొద్ది రోజుల్లోనే ఇతరులకు అంటుకునే భయం పోతుంది. ఇది వంశపారంపర్యంగా వచ్చే రోగం కాదు. ఎక్కువమందికి దీన్ని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంటుంది.

మరి భయం పోయిందా? కుష్ఠు ఉంటే విడాకులు అడగవచ్చన్న మాట మన వివాహ చట్టాల్లో 2019 దాకా ఉండేది. ఆ ఏడు పార్లమెంటు దాన్ని తొలగించింది. 1898 నాటి చట్టం కూడా 2016లో రద్దయింది. కాగితం మీద రాతను కొట్టేయడానికే ఇన్నేళ్లు పట్టింది. ఇక మనసులో రాత సంగతో?

అందుకే ఆడవాళ్లు గుర్తుంచుకోవాల్సిన ముక్క ఒకటుంది. పాలిపోయిన మచ్చో, ఎర్రటి మచ్చో కనిపించి, అక్కడ స్పర్శ తెలియకపోయినా, వంటింట్లో వేడి గిన్నె పట్టుకుంటే చెయ్యి కాలిన సంగతే తెలియకపోయినా ఆలస్యం చేయకండి. ఎవరేమనుకుంటారో అని కొంగు చాటున దాచుకోకండి. దాచుకున్నకొద్దీ నరం దెబ్బతింటుంది, వేళ్లు వంకరపోతాయి. త్వరగా వెళ్తే మచ్చతోనే పోతుంది.

మన ఇంట్లోనో, పక్కింట్లోనో ఎవరికైనా ఈ రోగం వచ్చిందని తెలిస్తే వాళ్ల కంచం వేరు చేయకండి. నర్సాగౌడ్‌లా విరాళం మనం ఇవ్వలేకపోవచ్చు, ఇసబెల్‌లా ఊరు కట్టలేకపోవచ్చు. ఒక మనిషిని ఇంట్లోంచి వెళ్లగొట్టకుండా ఉండటం మాత్రం మన చేతుల్లోని పనే కదా!