దోమ కడుపులో దొరికిన జవాబు

సంగతుల్ని మరుగుపరచడం దేవునికి ఘనతైతే, వాటిని శోధించి వెలికి తీయడం రాజులకు ఘనత అంటుంది బైబిలు (సామెతలు 25:2). కిరీటం లేని అలాంటి ‘రాజు’ ఒకాయన మన సికింద్రాబాద్‌ బేగంపేటలో చెమటోడ్చి, లక్షలాది మందిని చంపుతున్న ఒక రహస్యాన్ని ఛేదించాడు. ఆయనే డాక్టర్ రొనాల్డ్ రాస్.

1857 మే 13న ఆల్మోరాలో ఒక ఆంగ్లేయ సైనికాధికారి ఇంట్లో రాస్ పుట్టాడు. ఎనిమిదేళ్ల వయసులో చదువు కోసం ఇంగ్లండ్ పంపారు. ఆయనకు కవిత్వం, సంగీతం, లెక్కలంటే ప్రాణం. వైద్యమంటే మాత్రం ఇష్టం లేదు. కానీ తండ్రి మాట కాదనలేక 1874లో లండన్‌లోని సెయింట్ బార్తొలొమ్యూ ఆసుపత్రిలో వైద్య విద్యార్థిగా చేరాడు. 1881లో సైనిక వైద్యుడిగా మద్రాసు వచ్చాడు. తొలి ఏళ్లలో ఉద్యోగం ఉద్యోగమే, మనసు మాత్రం కవితల మీద, నవలల మీద! ఇష్టం లేని చదువు చదివిన వాడి బతుకు ఇంతేనేమో అనిపించే కాలమది.

కానీ కళ్లముందు జ్వరాలతో రాలిపోతున్న జనం ఆయన్ను ఊరకే కూర్చోనివ్వలేదు. 1888లో సెలవు పెట్టి లండన్ వెళ్లి ప్రజారోగ్యంలో డిప్లొమా చేశాడు, సూక్ష్మజీవుల శాస్త్రం నేర్చుకున్నాడు. ముప్పై దాటాక మళ్లీ విద్యార్థి అయ్యాడన్నమాట!

మలేరియా అంటే ఇటలీ భాషలో చెడుగాలి అని అర్థం. బురద నేలల గాలి వల్లే ఆ జ్వరం వస్తుందని శతాబ్దాలపాటు నమ్మారు. 1880లో లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు రోగి రక్తంలో దాని పరాన్నజీవిని చూశాడు. రాస్ మొదట ఆ మాట నమ్మలేదు. 1894లో లండన్‌లో డాక్టర్ ప్యాట్రిక్ మాన్సన్ సూక్ష్మదర్శిని కింద దాన్ని చూపించాకే నమ్మాడు. ఈ జీవిని దోమ మోస్తోందేమో వెతకమని మాన్సన్ దారి చూపించాడు. ఆ తర్వాత నాలుగేళ్లలో గురుశిష్యుల మధ్య వందకు పైగా ఉత్తరాలు నడిచాయి. ఒక పెద్దాయన ఓపికగా ఇచ్చిన సలహా ఒక జీవితాన్నే మలుపు తిప్పింది.

అయితే గురువు చెప్పినదాంట్లో సగమే నిజం. దోమ నీళ్లలో పడి చస్తుంది, ఆ నీళ్లు తాగితే జ్వరం వస్తుందని మాన్సన్ అనుకున్నాడు. రాస్ అలాంటి నీళ్లు కొందరితో తాగించి చూశాడు. ఈనాటి పరిశోధనా నియమాలు అందుకు ఒప్పుకోవు. ఆ ఊహ నిలబడలేదు. పైగా ఆయన రెండేళ్లు కోసి చూసిన దోమలు అసలు మలేరియాను మోసే జాతివే కావు!

1897 ఆగస్టు. బేగంపేట ఆసుపత్రి గదిలో ఉక్కపోత. పంకా వేస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయి. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి, కంటి అద్దం పగిలింది. రెక్కల మీద మచ్చలున్న కొత్తరకం దోమలు కొన్ని దొరికాయి. వాటితో కుట్టించుకోవడానికి హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి ఒప్పుకున్నాడు. దోమకు ఒక అణా చొప్పున అతనికిచ్చారు. ఆగస్టు 20న ఆ దోమల్లో ఒకదాని కడుపు గోడలో రాస్‌కు మలేరియా రంగు కణాలు కనిపించాయి. ఆ రోజుల్లోనే ఆయనొక కవిత రాసి, తన చేతిలో ఇంత గొప్ప సంగతి పెట్టిన దేవుణ్ణి స్తుతించాడు. మరణపు ముల్లు విరిగిందన్న పౌలు మాటల్ని అందులో తలచుకున్నాడు (1 కొరింథీ 15:55).

విజయం దొరికిందనుకోగానే బదిలీ! మనుషుల మలేరియా మీద పనిచేసే వీల్లేని రాజపుతానాలోని ఖేర్వారాకు పంపారు. మాన్సన్ ప్రయత్నంతో 1898లో కలకత్తాలో పరిశోధనకు అనుమతి దొరికింది. అక్కడ మలేరియా రోగులు తగినంతగా దొరక్కపోతే పక్షుల మీద పనిచేసి, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథులకు చేరి, కాటు ద్వారా సోకుతుందని నిరూపించాడు. 1899లో లివర్‌పూల్‌లో అధ్యాపకుడయ్యాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. చిన్ననాటి లెక్కలు కూడా వృథా కాలేదు. దోమల్ని పూర్తిగా కాకపోయినా ఒక స్థాయికి తగ్గిస్తే చాలు, మలేరియా తగ్గుతుందని ఆయన గణితంతో చూపించాడు.

అంత గొప్పవాడూ ఒకచోట ఓడిపోయాడు. మనుషుల్లో మలేరియాను మోసేది అనాఫిలిస్ దోమేనని తేల్చిన ఇటలీ శాస్త్రవేత్త గ్రాసీతో ఘనత కోసం ఏళ్ల తరబడి పోట్లాడాడు. చివరికి దారి చూపిన మాన్సన్‌తోనూ బంధం చెడింది. 1932 సెప్టెంబర్ 16న లండన్‌లో కన్నుమూశాడు. దోమను జయించిన వాడికి ‘నేను’ అనే దాన్ని జయించడం కష్టమైంది! పౌలు నాటాడు, అపొల్లో నీళ్లు పోశాడు, వృద్ధి కలుగజేసింది దేవుడే (1 కొరింథీ 3:6). ఆ కవిత రాసిన రోజు రాస్ మనసు ఈ సత్యానికి ఎంతో దగ్గరగా ఉంది.

ఆస్పరిలో, ఆదోనిలో, ఎమ్మిగనూరులో డిగ్రీ చేతబట్టుకుని ఏ దారిన వెళ్లాలో తెలియక నిలబడిన పిల్లలున్నారు. దొరికిన కోర్సు ఇష్టం లేకపోవచ్చు, రెండేళ్ల శ్రమ తప్పుదారిన పోయి ఉండొచ్చు. అంతమాత్రాన దేవుడు మిమ్మల్ని మరచిపోలేదు. మాన్సన్ లాంటి పెద్దల్ని వెతుక్కోండి, వాళ్లు చెప్పింది వినండి, పరీక్షించి చూడండి, మేలైనదాన్ని పట్టుకోండి. 2023లోనూ ప్రపంచంలో దాదాపు 6 లక్షల మందిని మలేరియా చంపింది. అంటే పని ఇంకా మిగిలే ఉంది. పనివాళ్లే కావాలి. పని పూర్తయిన రోజున మాత్రం, చేయి పట్టి నడిపించిన గురువునూ, చేయి చాచి సాయపడిన హుసేన్ ఖాన్ లాంటి వాళ్లనూ, అందరికీ పైనున్న దేవుణ్ణీ మరచిపోకండి.