కాగితం దొరకని పిల్లవాడు చెక్కిన ఎద్దు

హిందూపురం హాస్టల్లో చదివే రోజుల్లో ఒక వార్షికోత్సవానికి మేము పాత హవాయి చెప్పు మీద లేపాక్షి నందిని బ్లేడుతో చెక్కాం. స్టాంపు సిరా పూసి కాగితం మీద అద్దితే నంది బాగానే పడింది గానీ, కింద చెక్కిన హాస్టలు పేరు మాత్రం ఎదురు తిరిగింది. అందరూ ఒకటే నవ్వు! ఇదే పనిలో జీవితమంతా గడిపిన థామస్ బ్యూయిక్ గురించి పీజీలో చేరాక చదివాం. ఆయన కథ మీకూ చెప్పాలనిపించింది.

బ్యూయిక్ 1753లో ఇంగ్లండు ఉత్తర ప్రాంతంలోని చెర్రీబర్న్‌లో జన్మించారు. తండ్రి కౌలు రైతు. గీయడానికి కాగితం దొరక్క ఆ పిల్లవాడు సమాధి రాళ్ళ మీద, చర్చి వాకిట్లో సుద్దముక్కతో బొమ్మలు వేసేవాడు. 14వ ఏట, 1767లో, న్యూకాసిల్‌లో రాల్ఫ్ బీల్బీ దగ్గర ఏడేళ్ళ శిష్యరికానికి చేరాడు. అక్కడ చెంచాల మీద, తలుపు పలకల మీద పేర్లు చెక్కడం కూడా పనే.

ఆ కాలంలో మంచి బొమ్మలను రాగి రేకుల మీద చెక్కేవారు. వాటిని అక్షరాలతో కలిపి అచ్చు వేయడం కుదరదు. బ్యూయిక్ బాక్స్‌వుడ్ అనే గట్టి కర్రను అడ్డంగా కోసి, ఆ కోత ముఖం మీద రాగి చెక్కే సన్నని ఉలితో చెక్కారు. తొలిచినచోట తెలుపు, మిగిలినచోట నలుపు. మన ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలో రంధ్రం పడినచోట వెలుగు తెల్లగా వస్తుంది కదా, అలాగన్నమాట. దూరపు కొండలు లేతగా పడాలంటే అక్కడ దిమ్మను కాస్త గీకి తగ్గించేవారు. దిమ్మ సీసపు అక్షరాల ఎత్తే ఉంటుంది కనుక బొమ్మా మాటా ఒకేసారి అచ్చయ్యేవి.

1789లో చిల్లింగ్‌హామ్ అడవి ఎద్దును చెక్కే పని వచ్చింది. మంద బెదరకుండా నేల మీద పాకుతూ వెళ్ళి ఆ ఎద్దును చూసి వచ్చారు. అంత శ్రమపడి చెక్కి, కొద్ది ప్రతులు తీశారో లేదో, ఎండ వేడికి దిమ్మ చీలిపోయింది!

ఆయన ఉలి కింద పెట్టలేదు. మరుసటి ఏడే, 1790లో, నాలుగు కాళ్ళ జంతువుల పుస్తకం వెలువడింది. 1797లో, 1804లో పక్షుల పుస్తకం రెండు భాగాలు వచ్చాయి. చీలిన దిమ్మను కూడా తర్వాత లోహపు చట్రంలో బిగించి మళ్ళీ అచ్చు తీశారు. 1828లో ఆయన కన్నుమూశారు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేమే. రెండో ఏడు ఒక సబ్జెక్టు పోయినప్పుడు, ధర్మవరం వెళ్ళి నాన్నతో పాటు మగ్గంలో కూర్చుందామని రైలెక్కాం. పెనుకొండ కొండ కనిపించేసరికి మనసు మారింది. దిగి తిరుగు రైలు పట్టుకుని సప్లిమెంటరీ ఫీజు కట్టాం. అప్పటికి బ్యూయిక్ ఎవరో మాకు తెలియదు. తెలిసుంటే హిందూపురం స్టేషన్లో రైలే ఎక్కేవాళ్ళం కాదేమో.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఆ చెప్పు నంది ఇంకా మా ట్రంకు పెట్టెలోనే ఉంది. ఈసారి మీరు చెక్కండి. పేరు మాత్రం అద్దంలో చూసి చెక్కండి.