గద్దె దిగి కుర్చీ ఎక్కిన నిజాం

ఒకే నదికి రెండు ఒడ్లు. ఇవతలి ఒడ్డున తెల్లదొరల కలెక్టరు. అవతలి ఒడ్డున నిజాం నవాబు. ఇటు చెల్లే రూపాయి మీద ఇంగ్లండు రాజు బొమ్మ, అటు చెల్లే హాలీ సిక్కా మీద చార్మినార్ బొమ్మ. మంత్రాలయం దగ్గర తుంగభద్రలో స్నానానికి దిగిన మన అమ్మమ్మలకు ఎదురుగా కనిపించే రాయచూరు జిల్లా వేరే రాజ్యమన్నమాట! స్వరాజ్యం వచ్చేదాకా ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఊళ్ళ సంగతి ఇదే.

ఆ అవతలి ఒడ్డును 37 ఏళ్ళు ఏలిన మనిషి మీర్ ఉస్మాన్ అలీ ఖాన్, ఏడో నిజాం. ప్రపంచంలోకెల్లా ధనవంతుడని, అయినా మహా పిసినారని, కాగితాలు ఎగిరిపోకుండా వాటి మీద వజ్రం పెట్టుకునేవాడని బోలెడు కథలు చెబుతారు. ఆ కథల సందట్లో ఒక సంగతి మనం పట్టించుకోం. రాజుగా పుట్టి రాజుగా పెరిగిన ఆ మనిషే, రాజులు లేని రిపబ్లిక్‌లో ఆరేళ్ళ తొమ్మిది నెలల పాటు ఆ రాష్ట్రానికి అధిపతిగా ఉన్నాడు. ఊరు అదే, కింగ్ కోఠీ అదే, మనిషీ అదే. మారిందల్లా ఒక్కటే. ఆ పదవి ఎవరిచ్చింది అన్నది.

గాజుల్లా ఇచ్చేసిన ఊళ్ళు

మన ప్రాంతమూ ఒకప్పుడు నిజాందే. మొదటి నిజాం కొడుకుల్లో ఒకడైన బసాలత్ జంగ్ ఆదోనిని జాగీరుగా ఏలుకున్నాడు. 1800లో, తన రాజ్యానికి కాపలా కాసే ఇంగ్లీషు పటాలం ఖర్చు కింద బళ్ళారి, కడప ప్రాంతాలతో పాటు ఆదోనినీ నిజాం కుంపిణీకి ఇచ్చేశాడు. దత్తమండలాలన్న పేరు అలా వచ్చిందే. అప్పు తీర్చడానికి ఇంటాయన ఆవిడ గాజులు తీసుకెళ్ళి ఇచ్చేసినట్టు ఊళ్ళకు ఊళ్ళు ఇచ్చేశారు. గాజులిచ్చేటప్పుడు ఆవిణ్ణి అడగనట్టే, ఊళ్ళల్లో వాళ్ళనూ ఎవరూ అడగలేదు. రాచరికమంటే అదే మరి. రాజ్యం ఒక ఇంటి సొత్తు.

ఆ సొత్తుకు వారసుడిగా 1886లో పుట్టాడు ఉస్మాన్ అలీ. తండ్రి మహబూబ్ అలీ పాషా 1911 ఆగస్టు 29న కన్నుమూస్తే, పాతికేళ్ళ వయసులో గద్దెనెక్కాడు. 82 వేల పైచిలుకు చదరపు మైళ్ళ రాజ్యం. తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ మాట్లాడే జనం 1941 నాటికి ఒక కోటీ అరవై లక్షల పైమాటే. ఆయన ఫర్మానా ఇస్తే అదే చట్టం. మంత్రిని పెట్టాలన్నా, తీసెయ్యాలన్నా, పన్ను వెయ్యాలన్నా, ఉరిశిక్ష ఆపాలన్నా ఆయన మాటే చెల్లేది.

మంచి చెయ్యలేదా అంటే చేశాడు. 1908లో మూసీ వరద హైదరాబాదును ఊడ్చేసింది. మళ్ళీ అలాంటి గండం రాకుండా ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టించింది ఈయన హయాంలోనే. 1918లో ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టించాడు. హైకోర్టు, ఉస్మానియా ఆస్పత్రి, మంజీర మీద నిజాంసాగర్... ఈనాటికీ కళ్ళెదుట కనిపిస్తున్నవే.

కానీ చెరువు తవ్వించిన ప్రభువు రాజ్యంలోనే, పల్లెల్లో దేశ్‌ముఖుల గడీల ముందు ఆడా మగా వెట్టి చేసేవారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు తీసుకున్న పొలంలో పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖు మనుషులు ఎత్తుకుపోబోతే, సంఘం వాళ్ళను కూడగట్టుకుని ఎదురు నిలిచింది. ఆమె గోడు కింగ్ కోఠీ దాకా వెళ్ళే దారి ఏదీ ఆ రాజ్యంలో లేదు. రాజు మంచివాడైతే మేలు జరుగుతుంది, కాకపోతే లేదు. అడిగే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

ఇంతటి ప్రభువుకూ పైన ఒకరున్నారండోయ్! కోఠీలోని రెసిడెన్సీ భవనంలో ఉండే ఇంగ్లీషు రెసిడెంటు. 21 తుపాకుల వందనం, హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్ అన్న బిరుదూ ఇచ్చిన తెల్లవాళ్ళే, 1926లో బేరారు సంగతిలో ఆయన తమతో సమానంగా మాట్లాడబోతే, పెత్తనం తమదేనని వైస్రాయి రీడింగ్ చేత ఘాటుగా ఉత్తరం రాయించారు.

ఇస్తాంబుల్ కోడలు

ఆ ఇంట్లో ఒకామెకు మాత్రం గద్దెలు ఎలా కూలతాయో చిన్నప్పుడే తెలుసు. ఆమె నిజాం పెద్ద కోడలు దుర్రు షెహ్వార్. టర్కీ ఆఖరి ఖలీఫా రెండో అబ్దుల్ మజీద్ కూతురు. టర్కీలో 1922 నవంబరులో సుల్తాను పదవి రద్దయింది. 1923 అక్టోబరు 29న రిపబ్లిక్ వచ్చింది. 1924 మార్చిలో ఖలీఫా పదవి కూడా పోయింది. ఆ కుటుంబాన్నంతా దేశం దాటించేశారు. అప్పటికి ఆ పిల్లకు పదేళ్ళు. ఫ్రాన్సులోని నీస్ పట్నంలో తలదాచుకున్న ఖలీఫాకు నెలనెలా డబ్బు పంపి ఆదుకున్నది మన నిజామే. 1931 నవంబరులో నీస్‌లోనే నిజాం పెద్ద కొడుకు ఆజం జాతో ఆమెకు పెళ్ళి చేశారు. అదే రోజున ఆమె బంధువు నీలోఫర్‌నూ రెండో కొడుక్కి చేసుకున్నారు. హైదరాబాదులో నీలోఫర్ ఆస్పత్రి ఆ చిన్న కోడలి పేరు మీదిదే. పురానీ హవేలీ దగ్గర పిల్లల ఆస్పత్రికి పెద్ద కోడలి పేరుంది.

ఆజం జా పేరు మన ఊళ్ళకూ కొంత తెలియాలి. 1945 ఫిబ్రవరి 28న తుంగభద్ర ఆనకట్టకు శంకుస్థాపన జరిగినప్పుడు, ఇటు వైపు రాయి వేసింది మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్. అటు వైపు వేసింది ఈ ఆజం జానే. ఈనాడు మన ఆదోని, ఎమ్మిగనూరు పొలాలకు దిగువ కాలువలో వచ్చే నీళ్ళు ఆ ఆనకట్టవే. రాళ్ళు వేసిన ఇద్దరి ప్రభుత్వాలూ ఆనకట్ట పూర్తయ్యేలోపే లేకుండా పోయాయి. నీళ్ళు మాత్రం 1953లో వచ్చాయి.

అయిదు రోజుల్లో...

1947 జూన్ 11న నిజాం తాను ఇండియాలోనూ చేరనని, పాకిస్తాన్‌లోనూ చేరనని ఫర్మానా ఇచ్చాడు. స్వతంత్ర ప్రభువుగా ఉండాలని కల. నవంబరు 29న ఢిల్లీతో ఏడాది పాటు యథాతథ ఒప్పందం కుదిరింది. ఈలోగా కాశిం రజ్వీ రజాకార్లు పల్లెల మీద పడ్డారు. వాళ్ళను అదుపు చెయ్యగలిగినప్పుడు నిజాం చెయ్యలేదు. చెయ్యాలనుకునే నాటికి పగ్గాలు చేతిలో లేవు. నది దాటి, పిల్లాజెల్లాతో ఇవతలి ఒడ్డుకు వచ్చి పడ్డవాళ్ళు ఎందరో.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. 17న నిజాం రేడియోలో లొంగుబాటు ప్రకటించాడు. అయిదంటే అయిదు రోజులు! 1724లో మొదలైన అసఫ్‌జాహీల ఏలుబడి అంతటితో సరి. మర్నాడు మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి మిలిటరీ గవర్నరయ్యాడు. విజయం కథతో పాటు కన్నీటి కథా చెప్పుకోవాలి. ఆ తర్వాతి వారాల్లో జరిగిన హింసలో 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. పోయినవాళ్ళు చాలావరకు ముస్లింలు. అంతకు ముందు రజాకార్ల చేతుల్లో పోయినవాళ్ళలాగే వీళ్ళూ ఏ గద్దే ఎక్కినవాళ్ళు కాదు. రాజులు గద్దె దిగడానికి తీసుకున్న ఆలస్యానికి వెల కట్టింది మామూలు ఇళ్ళల్లోని ఆడవాళ్ళే, అటూ ఇటూ కూడా.

1949 ఫిబ్రవరిలో సర్దార్ పటేల్ హైదరాబాదు వస్తే, ఎవరికీ ఎదురెళ్ళి ఎరగని నిజాం బేగంపేట విమానాశ్రయానికి వెళ్ళి చేతులు జోడించాడు. ఆ ఫొటో మీరూ చూసే ఉంటారు. ఆ ఏడాదే ఆయన సొంత జమీను సర్ఫ్-ఎ-ఖాస్ ప్రభుత్వంలో కలిసింది. నవంబరు 23న, భారత రాజ్యాంగమే తన రాష్ట్రానికీ రాజ్యాంగమని మరో ఫర్మానా ఇచ్చాడు. విచిత్రమేమిటంటే, ఇక మీదట ఫర్మానాలు చెల్లవని తేల్చిందీ ఒక ఫర్మానాయే!

ఉత్సవ విగ్రహమా?

1950 జనవరి 26. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హైదరాబాదు రాష్ట్ర రాజప్రముఖ్‌గా ప్రమాణం చేశాడు. అంతవరకు అందరూ తన పేర ప్రమాణం చేసేవారు. ఇప్పుడు తానే రాజ్యాంగానికి కట్టుబడతానని ప్రమాణం చెయ్యాల్సి వచ్చింది. కాకతాళీయమే అనుకోండి, పెద్ద కోడలు దుర్రు షెహ్వార్‌కు ఆ రోజుతో 36 ఏళ్ళు నిండాయి. పుట్టిల్లూ మెట్టినిల్లూ రెండూ రిపబ్లిక్‌లలో కలిసిపోవడం చూసిన ఆడవాళ్ళు లోకంలో ఎందరుంటారు?

రాజప్రముఖ్ అంటే ఏమిటి? మిగతా రాష్ట్రాల్లో గవర్నరు లాంటి పదవే. పెద్ద సంస్థానాలున్న చోట పాత ప్రభువులకు ఆ పేరిచ్చారు. మంత్రులతో ప్రమాణం చేయించాలి, కానీ మంత్రుల్ని ఎంచుకోకూడదు. శాసనసభలో ప్రసంగించాలి, ఆ ప్రసంగం రాసేది మాత్రం మంత్రివర్గం. చట్టాల మీద సంతకం ఆయనది, ఆ చట్టం చేసే అధికారం సభది. ఏటా 50 లక్షల రూపాయల రాజభరణం.

ఇలాంటివాళ్ళను మనం ఉత్సవ విగ్రహాలని చులకన చేస్తాం. మా దేవరగట్టు వైపు ఆ మాట అంత తేలిగ్గా అనలేం. దసరా రాత్రి కొండ మీది మాళ మల్లేశ్వరుడి ఉత్సవమూర్తులు కిందికి దిగితే, మూర్తుల్ని మా వైపంటే మా వైపని ఊళ్ళకు ఊళ్ళు కర్రలతో కలబడతాయి. ఏటా తలలు పగులుతూనే ఉంటాయి. మూర్తులు తమంతట తాము ఒక్క అడుగు వెయ్యవు. అయినా వాటిని మోసే భుజం ఎవరిదన్నదాని కోసమే ఆ పోరంతా. రాజప్రముఖ్ కుర్చీ సంగతీ అంతే. కూర్చున్న మనిషి కంటే, ఆ కుర్చీని ఎవరు మోస్తున్నారన్నదే ముఖ్యం. నిన్నటిదాకా వంశం మోసింది. ఇప్పుడు రాజ్యాంగం మోస్తోంది.

1952లో ఎన్నికలొచ్చాయి. కింగ్ కోఠీ ప్రభువుకూ ఒక్కటే ఓటు, పాలకుర్తి ఐలమ్మకూ ఒక్కటే ఓటు! బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యాడు. ఆ సభలో ఆలేరు నుంచి గెలిచిన ఆరుట్ల కమలాదేవి ఉంది. నిజాం సర్కారు మీద తుపాకీ పట్టిన మనిషి ఆమె. శాలిబండ నుంచి మాసుమా బేగం ఉంది, బాన్సువాడ నుంచి సంగెం లక్ష్మీబాయి ఉంది. తన రాజ్యం మీద తిరగబడ్డ ఆడమనిషి సభ్యురాలిగా ఉన్న సభకు, రాజ్యం పోయిన ప్రభువు అధిపతి. గద్దె రోజుల్లో ఇది కలలోనైనా ఊహించగలమా?

ఒక సవరణతో సరి

అవతలి ఒడ్డున ఇలా ఉండగా, ఇవతల 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. బళ్ళారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అందులో కలిశాయి. కర్నూలు రాజధాని, చందూలాల్ త్రివేది గవర్నరు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ వచ్చింది. రాజ్యాంగానికి ఏడో సవరణతో రాజప్రముఖ్ పదవే రద్దయింది. కర్నూలులో ఉన్న త్రివేది హైదరాబాదు వెళ్ళి కొత్త రాష్ట్రానికి గవర్నరయ్యాడు. ఈసారి సైన్యం కదల్లేదు, ఒక్క తుపాకీ పేలలేదు. 1948లో గద్దె పోవడానికి అంత నెత్తురు కారితే, ఎనిమిదేళ్ళ తర్వాత కుర్చీ పోవడానికి పార్లమెంటులో ఒక ఓటింగు సరిపోయింది. రిపబ్లిక్ అంటే ఇదే అనిపిస్తుంది నాకు.

మైసూరు మహారాజు జయచామరాజ వొడయారు అప్పుడు గవర్నరుగా కొనసాగాడు. నిజాం మాత్రం మళ్ళీ ఏ పదవిలోనూ కూర్చోలేదు. కింగ్ కోఠీలోనే ఉండిపోయాడు. 1965 యుద్ధం రోజుల్లో ఆయన దేశానికి 5 టన్నుల బంగారం దానమిచ్చాడని చెప్పుకుంటారు. నిజానికి 425 కిలోల బంగారాన్ని జాతీయ రక్షణ బాండ్లలో పెట్టుబడిగా పెట్టాడు. వారసత్వం కొడుకు ఆజం జాను కాదని, దుర్రు షెహ్వార్ కొడుకైన మనవడు ముకర్రం జాకు ఇచ్చాడు. 1967 ఫిబ్రవరి 24న కన్నుమూశాడు. సాగనంపడానికి జనం వీధుల్లో కిక్కిరిసిపోయారు. కోఠీ ఎదుటి జూదీ మసీదులో తల్లి సమాధి పక్కనే ఆయన సమాధి. 1971లో రాజభరణాలూ రద్దయ్యాయి.

ఇక ప్రభువు మీద ప్రభువుగా తెల్లదొర కూర్చున్న ఆ రెసిడెన్సీ భవనం ఏమైందంటారా? 1949లో అందులోకి ఆడపిల్లల కాలేజీ వచ్చింది. కోఠీ ఉమెన్స్ కాలేజీ అంటే తెలియనివాళ్ళు ఉండరు. అది 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి పేరు పెట్టారు. రెసిడెంటు పేరు కాదు, నిజాం పేరూ కాదు. పాలకుర్తి పొలంలో తన పంట కోసం నిలబడ్డ చాకలి ఐలమ్మ పేరు.